కుడివైపు వదిలిన దారి

సీజన్ సగంలో ఉండగా క్లబ్బు ఆమెను వేరే జట్టుకు ఇచ్చేసింది. ప్రాక్టీసు అవగానే మేనేజరు పిలిచి చెప్పాడు, మర్నాటికల్లా కొత్త ఊళ్లో ఉండాలని. ముప్పై దాటిన మనిషి, జట్లు మారడం కొత్తేమీ కాదు. అవతలి ఆటగత్తెకు ఒకసారి అంటుకుంటే వదలదని బాస్కెట్‌బాల్ లోకంలో అందరూ ఆమెను జిగురు అనేవాళ్లు.

పాత జట్టులో ఆరేళ్లు ఆమెతో ఒకే గదిలో ఉన్నది బొంగరం. బంతి పట్టుకుని గిర్రున తిరిగి, పొడుగాళ్ల చంకల కిందనుంచి రింగు దగ్గరికి దూరిపోయే పొట్టి మనిషి. సూట్‌కేసు మూత పడకపోతే బొంగరమే దానిమీద ఎక్కి కూర్చుంది.

"నువ్వెళ్లిపోతే నా గురకని తిట్టేదెవరే?" అంది. నవ్వుతూనే అంది గానీ, జిప్పు లాగుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

కొత్త ఫ్లాటులో సామాన్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ తనది కాదు. స్నానాల గదిలో ఎవరో సగం వాడి వదిలేసిన షాంపూ. కొత్త జట్టు పిల్లలు "అక్కా, రండి" అని భోజనాల దగ్గర కుర్చీ జరిపేవాళ్లు, వెంటనే తమ కబుర్లలో పడిపోయేవాళ్లు. ప్రాక్టీసయ్యాక ఆమె ఒక్కతే ఆగి షాట్లు వేసుకునేది. దొర్లిపోయిన ప్రతి బంతికీ తనే పరిగెత్తేది.

నెల తిరక్కుండానే పాత జట్టుతో మ్యాచ్ పడింది. కోచ్ పక్కకు పిలిచాడు.

"ఆ బొంగరం లోగుట్టు నీకంటే ఎవరికి తెలుసు? బలహీనత ఏదైనా ఉంటే చెప్పమ్మా."

తెలుసు. బొంగరం ఎడమ మోకాలు ఏడాదిగా బాగోలేదు. డాక్టరుకు చూపిస్తే ఆడనివ్వకుండా కూర్చోబెడతారని దాచింది. గది తలుపు వేసి దానికి ఐసు కట్టింది జిగురే.

"నాకు తెలిసి ఏమీ లేదు సార్," అంది.

మ్యాచ్ చివరి క్వార్టర్‌దాకా నువ్వా నేనా అన్నట్టు సాగింది. బంతి బొంగరం చేతికొచ్చింది. ఎదురుగా జిగురు. కళ్లు కలిశాయి, బొంగరం పళ్లు కనిపించేలా నవ్వింది కూడా. అంతలో జిగురు బొంగరానికి ఎడమవైపు దారి మూసేసి, కుడివైపు వదిలేసింది. అటు దూసుకెళ్లాలంటే బొంగరం ఎడమ కాలిమీద బలం వేయాలి. వేయలేక తడబడింది. బంతి జారిపోయింది.

మొదటిసారి జిగురు కాళ్లు వాటంతటవే కదిలాయి. రెండోసారి బంతి బొంగరం చేతికొచ్చినప్పుడు మాత్రం జిగురు తెలిసే మళ్లీ ఆ దారే వదిలింది. బొంగరం మోకాలు పట్టుకుని కోర్టు మీద కూలబడింది.

జిగురు జట్టు గెలిచింది. పిల్లలు ఆమెను ఎత్తి గిరగిరా తిప్పారు. వాళ్లను విడిపించుకుని అవతలి జట్టు గది వైపు వెళ్లింది. ఫిజియో బల్లమీద బొంగరం పడుకుని ఉంది, మోకాలికి కట్టు.

"మీ కోచ్‌కి చెప్పావా?"

"చెప్పలేదే. ఒట్టు."

"చెప్పక్కర్లేదులే. అంతమందికీ చూపించావుగా."

"ఆటలో..."

"ఆటేలే. నీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో." బొంగరం గోడవైపు తిరిగింది. "వెళ్లు, మీవాళ్లు ఎదురుచూస్తుంటారు."

ఇంటికొచ్చేసరికి అమ్మ ఫోన్. "టీవీలో నిన్ను దగ్గరగా చూపించారు తల్లీ! మీ పిన్ని ఈలేసింది. అంత పెద్ద గెలుపు గెలిచి మొహం అలా వేలాడేసుకున్నావేమే?"

"అలిసిపోయానమ్మా."

"తిన్నావా?"

"తిన్నాను," అంది, ఖాళీ పొయ్యి వైపు చూస్తూ.

బొంగరానికి ఆపరేషన్ అయింది. ఆ సీజన్‌లో ఇక ఆడబోదని వార్తల్లో వచ్చింది. జిగురు చాలాసార్లు ఫోన్ చేసింది. చివరికి ఒకరోజు బొంగరం ఎత్తింది.

"ఎలా ఉందే?"

"బాగానే ఉంది. నడిపిస్తున్నారు."

"సెలవు పెట్టి రానా?"

"ఎందుకు, మ్యాచులుంటాయిగా. మీరు బాగా ఆడుతున్నారు, చూస్తున్నాను."

ఆ మీరు జట్టంతటినీ కలిపి అన్నదో, తనొక్కదాన్నే అన్నదో జిగురుకు తెలియలేదు. ఇన్నేళ్లలో బొంగరం నోట ఏమే, ఒసేయ్ తప్ప విని ఎరగదు.

"సరే, ఉంటాను," అంది బొంగరం.