రక్తం మోసే మనిషి

మూడో అంతస్తు మలుపులో యమునాబాయి ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి, పెట్టెను కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంది. ఆసుపత్రిలో లిఫ్టు ఉంది. కానీ దాన్ని నమ్ముకుని ఆమె ఒక్కనాడూ రక్తం తీసుకెళ్లలేదు. లిఫ్టు మధ్యలో ఆగినా ఆగుతుంది, మెట్లు ఆగవు కదా అంటుంది. పంతొమ్మిదేళ్లుగా అదే దారి. కింద రక్తనిధి కిటికీ, తర్వాత ఎనభై నాలుగు మెట్లు, పైన ఆపరేషన్ గది ముందు నేల మీద గీసిన ఎర్ర గీత. గీత దగ్గర పెట్టె అప్పగించాలి. సంచి మీది నంబరూ గ్రూపూ కాగితంలో రాసినవాటితో సరిపోయాయో లేదో ఇద్దరూ పైకి చదువుకోవాలి. సంతకం పెట్టి దిగి రావాలి. గీతకు ఆవల ఏం జరుగుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు.

మనిషి పొట్టి. ఎండిన చింతబరికెలాంటి ఒళ్లు. బరువు మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే వేలెడు కిందికి జారింది. నుదుటి మీద పచ్చబొట్టు, ముక్కుకు రాగి రంగు తిరిగిన పుడక, మోకాళ్లకు గట్టిగా బిగించిన పట్టీలు. ఆసుపత్రిలో అందరికీ ఆమె ‘మావశి’, మరాఠీలో పిన్నమ్మ. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రమే ఉంది.

ఆ రోజు పొద్దుటి నుంచే ఆమెకు కాలు నిలవడం లేదు. అది మార్కండేయ స్వామి రథోత్సవం రోజు. ఏడాది పొడవునా సాంచల చప్పుడుతో దద్దరిల్లే నీలం నగర్ ఆ ఒక్కరోజు ఆ మరమగ్గాలన్నీ ఆపి, వాకిళ్లు కడిగి, డోళ్లు కట్టుకుంటుంది. అదొక్కటే అయితే ప్రతి ఏడూ ఉన్నదే. పూణె నుంచి నెలకొకసారి వచ్చే సర్జన్ అదే రోజు పదకొండు నెలల ఋతుజకు గుండె ఆపరేషన్ చేస్తున్నాడు. పాప బరువు అయిదున్నర కిలోలు. అంత చిన్నబిడ్డను ఈ ఆసుపత్రిలో ఇంతకుముందు యంత్రం మీద పెట్టలేదు. కింద కాపలావాడి నుంచి పైన నర్సుల దాకా అందరి నోటా అదే మాట.

తలుపు సందులోంచి శీతల్ చేతులు చాచింది. ఆపరేషన్ జరిగినంతసేపు గుండె పనీ ఊపిరితిత్తుల పనీ చేసే యంత్రాన్ని నడిపేది ఆ అమ్మాయే. నీలం నగర్‌లో టవళ్లు నేసేవాళ్ల బిడ్డ.

“మూడు పిశివీలు తెచ్చినవా మావశీ?”

“తెచ్చిన బిడ్డా.” యమునాబాయి ఆ మూడు రక్తం సంచులను ఒక్కొక్కటే అందించి, నంబర్లు చదివించుకుని, సంతకం పెట్టించుకుంది. తిరిగి వెళ్లబోయి ఆగింది. “ఒకటి అడుగుతె కోపం చేస్తవా? కోత ఇంక పెట్టనే లేదు గద, రక్తం ఇప్పుడె ఎందుకు?”

తాను ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలో మావశి ప్రశ్న అడగడం శీతల్‌కు అదే మొదటిసారి.

“ఇది పాపకు కాదు మావశీ, మిషన్‌కు. పాప ఒంట్ల మొత్తం కలిపి అర లీటరు రక్తం గూడ లేదు. నా మిషన్ గొట్టాలు నింపాలంటెనే మూడొందల మిల్లీ కావాలె. ఉత్త సెలైన్ నింపితె పాప రక్తం నీళ్లోలె పల్సబడ్తది. అందుకె ముందుగాల మిషన్‌కు రక్తం తాపి, అటెన్క పాపకు జోడిస్తం.”

“మరి గుండె?”

“గుండెను ఆపుతం. గంట, గంటన్నర. అంతసేపు మిషనే రక్తం తీస్కుంటది, గాలి కలుపుతది, మళ్ల ఒంట్లకు పంపుతది. డాక్టర్ సాబ్ లోపలి రంధ్రం మూస్తడు.”

తలుపు మూసుకుంది. యమునాబాయి ఖాళీ పెట్టెతో అక్కడే కొంచెంసేపు నిలబడిపోయింది. ఇన్నేళ్లుగా తాను మోసిన రక్తం ఏ దారిన పోతుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఎవరికైనా చెప్పాలనిపించింది.

వరండాలో బల్ల మీద పాప అమ్మమ్మ యల్లమ్మ, తల్లి కాజల్ కూర్చుని ఉన్నారు. కుంభారి కాలనీ నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్లు. తెల్లవారుజాము నుంచి బిడ్డకు పాలివ్వొద్దన్నారేమో, కాజల్ జాకెట్టు తడిసిపోయి ఉంది. కొంగు కప్పుకుని నేల చూపులు చూస్తోంది. యల్లమ్మ బీడీలు చుట్టే మనిషి. ఆకు లేకపోయినా ఆమె వేళ్లు ఒళ్లో వాటంతట అవే చుట్టుకుంటున్నాయి.

“అక్కా, గుండె ఆపుతరంట. ఆపినంక మళ్ల నడుస్తదా?” యల్లమ్మ అడిగింది.

“మీ ఇంట్ల సాంచ నడిపినోళ్లు ఎవరన్న ఉన్నరా?”

“మా ఆయన. ముప్పై ఏండ్లు నడిపిండు.”

“పోగు తెగితె నడుస్తున్న సాంచ మీద అతుకుతుండెనా?”

“ఎట్ల అతుకుతడు? ఆపాలె గద.”

“గిది గూడ గంతె. ఆపి, అతికి, మళ్ల ఇడుస్తరు. అందాక మిషన్ సూస్కుంటది. ఆ మిషన్‌కు రక్తం నేనే ఇచ్చొచ్చిన ఇప్పుడు.”

కాజల్ తలెత్తి ఆమె వంక చూసింది. యమునాబాయి మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా ఉన్నాయి.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఆమె తొలిచూలు బిడ్డకు కూడా పాలు తాగుతుంటే నుదుట చెమటలు పట్టేవి. నాలుగు గుక్కలు తాగి అలసిపోయి వదిలేసేవాడు. డాక్టరు ఛాతీకి చెవి ఆనించి విని, గుండెలో చిల్లుంది, బొంబాయి తీసుకుపొమ్మన్నాడు. ఆమె భర్త బాలయ్య సాంచ మాలిక్ దగ్గర సెలవడిగి వచ్చేలోపే, అయిదో నెలలో, బిడ్డ ఆమె ఒళ్లోనే నిద్రపోయినట్టుగా పోయాడు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు, అత్తారిళ్లకు వెళ్లారు. బాలయ్య దూది దుమ్ముకు ఊపిరి చెడి చనిపోయాడు. ఆమె ఈ పనిలో చేరింది. ఆ పిల్లవాడి సంగతి ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పేందుకు ఎవరైనా అడగాలి కదా.

ఒంటిగంటన్నరకు రక్తనిధిలో ఫోను మోగింది. టెక్నీషియన్ సాయికిరణ్ విని పెట్టేసి, యమునాబాయి వైపు తిరిగాడు.

“రంధ్రం మూసిన్రు. గుండె నడుస్తుంది. మిషన్ గూడ తీసేసిన్రు. కాని రక్తం కారుడు ఆగుతలేదు. దాసిపెట్టిన ప్లేట్‌లెట్లు రెండూ ఎక్కించిన్రంట, ఇంకో రెండు కావాలంటున్రు.”

“మన దగ్గర?”

“ఆ గ్రూపువి లేవు. కొంతం చౌక్ అవతలి బ్లడ్ బ్యాంక్‌ల ఉన్నయి, మాట్లాడిన. బండి పోదు మావశీ, రథం ఆ తొవ్వలనె ఉంది.”

“బండి పోకుంటె కాళ్లు పోతయి. కాగితం రాయి.”

సాయికిరణ్ రాస్తుండగానే ఆమె పెట్టెలోంచి ఐసు గడ్డలు తీసి తొట్టిలో పారేసి, లోపల పొడిగా తుడిచింది. ఎర్రకణాలకు చల్లదనం కావాలి. ప్లేట్‌లెట్లకు చల్లదనం పడదు, చలికి అవి పనికిరాకుండా పోతాయి. ఆ సంగతి ఆమెకు ఎవరూ మళ్లీ చెప్పనక్కర్లేదు.

రిక్షా ఎంతవరకు పోతే అంతవరకు పోయి, దిగి, పరుగులాంటి నడకతో సందులు దాటింది. బ్లడ్ బ్యాంక్‌లో గంజి రంగు సంచులు రెండు చేతికి వచ్చాయి. నంబర్లు చదివించుకుని పెట్టెలో పెట్టుకుంది. తిరిగి చౌక్‌కు వచ్చేసరికి దారి మూసుకుపోయింది.

ఇసుక వేస్తే రాలనంత జనం. డోళ్ల దెబ్బలు పొట్టలో మోగుతున్నాయి. గజ్జెల విల్లుల్లాంటి లేజిమ్‌లు పట్టిన ఆడపిల్లలు వరుసలు కట్టి అడుగులు వేస్తున్నారు. వాళ్ల వెనకాల పూలతో నిండిన రథం, దాని ముందు రెండు పక్కలా మోకులు లాగుతున్న వందల చేతులు. యమునాబాయి పెట్టెను నెత్తికెత్తుకుని భుజాలతో దారి చేసుకుంటూ సరిగ్గా మోకు దాకా వచ్చింది. అక్కడ తలపాగా చుట్టిన ముసలి కార్యకర్త చెయ్యి అడ్డం పెట్టాడు.

“రథం పోనియ్యమ్మా. మోకు దాటొద్దు, తప్పు.”

“పెద్దాయ్నా, దవాఖాన్ల పదకొండు నెలల పిల్ల ఉంది. మన పద్మశాలోళ్ల పిల్లనే. రొమ్ము కోసి, ఇంక మూయలే. రక్తం ఆగుతలేదు. దాన్ని ఆపేది ఈ పెట్టెల ఉంది. దేవుడు రెండు నిమిషాలు నిలవడ్తడు. పిల్ల నిలవడదు.”

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు, నెత్తి మీది పెట్టెను చూశాడు. వెనక్కి తిరిగి, డోళ్లను మించిన గొంతుతో కేక వేశాడు.

“రథం ఆపుండ్రి. మోకు లేపుండ్రి.”

మాట వరుస వెంట పాకింది. డోళ్లు ఒకటొకటిగా ఆగాయి. చక్రాల కింద దిమ్మెలు పడ్డాయి. వందల చేతులు ఆ లావుపాటి మోకును తలల పైకి ఎత్తి పట్టుకున్నాయి. యమునాబాయి పెట్టెను గుండెలకు హత్తుకుని దాని కింద నుంచి నడిచింది. అవతలి మోకూ లేచింది. అటువైపు జనం రెండుగా చీలి దారిచ్చారు. ఎవరో కుర్రాడు మోటారుసైకిల్ తిప్పి నిలబెట్టి, “కూసో మావశీ, ఎక్కడికి” అన్నాడు. తాను బండెక్కి కూర్చున్న సంగతి కూడా ఆమెకు బండి కదిలాకే తెలిసింది. వెనక డోళ్లు మళ్లీ అందుకున్నాయి. ఆమె ఒళ్లంతా పులకరించింది. ఇరవయ్యేళ్ల పడుచులా ఎనభై నాలుగు మెట్లూ ఎక్కడా ఆగకుండా ఎక్కింది.

నంబర్లు చదివేటప్పుడు మాత్రం తొందరపడలేదు. ఒక్కో అంకెను విడివిడిగా చదివింది. శీతల్ సంచులు తీసుకుని లోపలికి మాయమైంది.

యమునాబాయి గోడకు ఆనుకుని కూర్చుంది. చెమట ఆరింది. దప్పిక తెలిసింది. అయినా లేవలేదు. దాదాపు ముప్పావు గంట తర్వాత తలుపు తెరుచుకుంది. శీతల్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

“ఆగింది మావశీ. రొమ్ము మూస్తున్రు. రా, చెప్పులిడిచి ఈ గౌను తొడుక్కో. అద్దంల నుంచి సూడు.”

ఆమె ఎర్ర గీత ముందు తటపటాయించింది. శీతల్ చెయ్యి పట్టుకుని దాటించింది.

గుండ్రటి అద్దంలోంచి ముందుగా యంత్రం కోసం వెతికింది. ఏ గదంత పెద్దదో అనుకుంది. తీరా చూస్తే చక్రాల బల్ల మీద నాలుగైదు బిళ్లలు, వాటి చుట్టూ గొట్టాలు. పని ముగించుకుని మెదలకుండా ఉంది. దాని పక్కన ఆకుపచ్చ గుడ్డల కుప్ప, ఆ కుప్ప చివర బొటనవేలంత పాదం. పైన తెర మీద పచ్చటి గీత ఎగిసి పడుతోంది, ఎగిసి పడుతోంది. ఎవరూ ఆపకుండానే, ఎవరూ నడపకుండానే.

“అది పాపదేనా?”

“పాపదె. సొంత గుండె.”

యమునాబాయి పెదవులు కదిపి లెక్కపెట్టసాగింది. నూటా పది దాకా లెక్కపెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, వరండాలోకి పరుగెత్తింది. ఆమె నోరు తెరవకముందే కాజల్ లేచి నిలబడింది.

“నడుస్తుంది బిడ్డా. నేను సూసిన. ఈ కండ్లతోని సూసిన.”

కాజల్ ఆమె భుజం మీద వాలిపోయి ఏడ్చింది. యల్లమ్మ వేళ్లు ఒళ్లో ఆగిపోయాయి. ఆమె యమునాబాయి వైపు తిరిగి, “నీకు పిల్లలెందరక్కా” అని అడిగింది.

“ముగ్గురు,” అంది యమునాబాయి. “పెద్దోడు అయిదు నెలలకె పోయిండు. వానికి గూడ ఇదే ఉండె.” ఆ మాట బయటికి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. యల్లమ్మ జరిగి, బల్ల మీద ఆమెకు చోటిచ్చింది. ముగ్గురూ అలాగే కూర్చున్నారు. దూరంగా రథం డోళ్లు వినబడుతున్నాయి.

పన్నెండో రోజున ఋతుజ కుంభారికి వెళ్లిపోయింది. ఆ నెలాఖరుకు యమునాబాయికి యాభై ఎనిమిది నిండి ఉద్యోగం ముగిసింది. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు గుర్తింపు కార్డు కిటికీలో ఇచ్చి, సాయికిరణ్‌కు పోయొస్తనని చెప్పి, మెట్ల గుండానే దిగి వెళ్లింది.

మర్నాడు ఆమె చోట చేరిన దీపాలి రక్తం పెట్టెను చేతిలోకి తీసుకుంది. పిడికి పాత టవలు పేలిక ఒకటి గట్టిగా చుట్టి కుట్టేసి ఉంది. పోగులు అరిగి నున్నబడిన ఆ గుడ్డ మీద నాలుగు వేళ్లు పట్టేచోట నాలుగు పల్లాలు.