బ్రేకు వదిలే వేళ

"ఆంటీ, ఒక్క ఫొటో తీస్తారా? ఆ క్రేన్ మాత్రం పడకూడదు. ఊరి అందమంతా అదే చెడగొడుతోంది" అంటూ ఒకమ్మాయి ఫోన్ నా చేతిలో పెట్టి, పక్కనున్న కుర్రాడి భుజం మీద తల వాల్చింది.

నాకు ఒళ్లు మండింది. క్రేన్ సరిగ్గా వాళ్లిద్దరి తలల మధ్య నిలబడేలా చూసి మరీ తీసిచ్చాను.

"పాపం, చిన్నపిల్లలే. వాళ్లకేం తెలుసు?" అంది బల్ల మీద కూర్చున్న అత్తయ్య.

"తెలియనప్పుడు నోరు మూసుకోవాలి."

"నువ్వెప్పుడైనా మూశావా?"

ఈ కొండ మీదికి జనం ఊరు చూడ్డానికి వస్తారు. నది, వంతెన, అద్దాల మేడలు అన్నీ ఇక్కణ్ణుంచి ఒక్కచూపులో కనిపిస్తాయి. మేం మాత్రం ఎప్పుడూ ఆ పసుపు క్రేన్‌నే చూశాం. దాని పైన అగ్గిపెట్టెంత గదిలో మా ఆయన కూర్చునేవాడు. "అందరూ గాల్లో మేడలు కడతారు. మావాడు నిజంగానే కడతాడు, పైగా జీతం తెస్తాడు" అని అత్తయ్య కనిపించినవాళ్లందరికీ చెప్పేది.

పని ముగిశాక క్రేన్ చేతిని బిగించి ఉంచకూడదట. బిగిస్తే పెద్ద గాలి వచ్చినప్పుడు మొత్తం కూలుతుందట. అందుకే ఆపరేటర్ దిగేముందు బ్రేకు వదిలేస్తాడు. ఆ పొడుగాటి చెయ్యి గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. ఈ సంగతి మాకు ఆయనే చెప్పాడు. లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకుని, డాక్టరు నడవమన్నాడని అత్తయ్యను వెంటబెట్టుకుని సాయంత్రం ఇక్కడికి వచ్చేదాన్ని. క్రేన్ తిరగగానే, "వదిలాడు, ఇక దిగుతాడు. లేవే, ఆకలి మీదుంటాడు" అనేది అత్తయ్య. ఆయన నిచ్చెనలన్నీ దిగి, బస్సు పట్టుకుని వచ్చేసరికి మా పొయ్యి మీద కూర ఉడుకుతూ ఉండేది.

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం అది తిరగలేదు. గాలేమో చెట్లను ఊపేస్తోంది.

"ఓవర్‌టైమ్ అయ్యుంటుంది. ఒక్క ఫోన్ చేస్తే వీడి సొమ్మేం పోయింది?" అని అత్తయ్య విసుక్కుంది. చీకటి పడేదాకా చూసి ఇంటికి వెళ్లిపోయాం. ఆ రోజు ఆఖరి దూలం దించాక, ఆ గదిలో కుర్చీలోనే ఆయన గుండె ఆగిపోయిందట. మేం చూస్తున్నంతసేపూ ఆయన అక్కడే ఉన్నాడు. తర్వాత ఎవరో తాళ్లు కట్టి దించారు.

ఆ తర్వాత మేం కొండ ఎక్కలేదు. అత్తయ్య ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. రాతిగుండె అన్నారు చుట్టాలు. వాళ్ల మొహం! కంచం ముందు కూర్చుని ఆవిడ ఏమనేదో వాళ్లు వినలేదు. "వాడింకా పైనే ఉన్నట్టుందే నాకు" అనేది. ముద్ద మింగుడుపడేది కాదు.

నిన్న, కింద నుంచి ఆయనకు సైగలు చేసే అతను లాండ్రీకి వచ్చాడు. "మేడ అయిపోయిందక్కా. రేపే ఆఖరి రోజు. ఎల్లుండి క్రేన్ విప్పేస్తారు" అన్నాడు. అత్తయ్యకు చెప్పకూడదనుకున్నాను. నా మొహం చూసే పట్టేసింది.

"నన్ను కొండ మీదికి తీసుకెళ్లు. అది తిరగడం ఒక్కసారి చూడాలి. లేకపోతే నేను చచ్చేదాకా వాడు అక్కడే కూర్చునుంటాడు" అంది.

అందుకే వచ్చాం. కొండ ఎక్కినప్పటి నుంచీ నాకు ఒకటే భయం. ఇవాళ కూడా తిరక్కపోతే ఈవిణ్ణి ఇంటికెలా తీసుకెళ్లాలి?

సూర్యుడు మేడల వెనక్కి జారాడు. జనం ఫోన్లు పైకెత్తి ఆహా ఓహో అన్నారు. క్రేన్ కదల్లేదు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగబడ్డాయి.

"పొద్దుపోయింది నాయనా. ఇంక చాలు, దిగు" అని గొణుగుతోంది. ఇప్పుడు పైనున్న ఆపరేటర్ ఎవరో మాకు తెలియదు. ఆవిడ కన్నకొడుకునే బతిమాలుతోంది.

అప్పుడు కదిలింది. ముందు నా కళ్లే మోసం చేస్తున్నాయనుకున్నాను. తర్వాత ఆ చెయ్యి మొత్తం నది మీదుగా మెల్లగా మా కొండ వైపు తిరిగింది.

"దిగాడే!" అని అరిచింది అత్తయ్య. ఫొటోల పిల్ల ఉలిక్కిపడి చూసింది. "మావాడు దిగాడే పిల్లా!"

ఇన్నాళ్లూ రాని ఏడుపంతా ఒక్కసారే వచ్చింది ఆవిడకి. నేనూ ఏడ్చాను, అంతమందిలోనే. సిగ్గేముంది?

ఏడుస్తూనే ఇద్దరం లేచి నిలబడ్డాం. అలవాటు. క్రేన్ తిరిగిందంటే మేం లేవాలి, గబగబా మెట్లు దిగాలి. నేను సంచీ భుజాన వేసుకున్నాను. అత్తయ్య చెప్పుల్లో కాళ్లు దూర్చింది. నాలుగడుగులు వేశాం కూడా.

అక్కడ అత్తయ్య ఆగిపోయింది. చేత్తో మొహం తుడుచుకుని, నన్ను వెనక్కి నడిపించి, నా భుజం మీది సంచీ తీసి బల్ల మీద పెట్టింది.

"కూర్చోవే" అంది. "ఇవాళ మనకేం తొందర?"