ఆ మాట నన్నను చూద్దాం

తోడికోడళ్లిద్దరూ ఒకే కుట్టుగదిలో పనిచేసేవారు. పెద్దకోడలికి ఓసీడీ. కుట్టిన ప్రతి బట్టలోనూ గుండుసూది మిగిలిపోయిందేమో, దానివల్ల ఎవరికో ప్రాణం మీదికొస్తుందేమో అని భయం. మడతలన్నీ విప్పి తడిమేది. కట్టిన పొట్లం మళ్లీ విప్పేది. "ఒక్కసారి చూసి ఇచ్చెయ్యండి. భయమేస్తే మిమ్మల్ని మీరు కసురుకోకండి" అని డాక్టరమ్మ చెప్పింది. మొదటిదే చేతకావడం లేదు, ఇక రెండోది ఎక్కడ!

చిన్నకోడలు కూనిరాగం తీస్తూ కుట్టి, దారం కొరికి, బట్ట మడిచి ఇచ్చేసేది. అది చూస్తే పెద్దకోడలికి ఒళ్లు మండిపోయేది. తోడికోడలి నగల మీదా అందం మీదా ఏనాడూ కన్ను పడలేదు గానీ, ఆ నిశ్చింత మీద పడింది. దీనివల్లా ఒక్కసారి తప్పు జరిగితే బాగుండునని లోలోపల అనుకునేది. అలా అనుకున్నందుకు మళ్లీ తననే తిట్టుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక తల్లి గుండుసూది చూపిస్తూ వచ్చింది. "మీరు కుట్టిన గౌనులోదే. పాప వీపు గీసుకుపోయింది."

ఆ గౌను కుట్టింది చిన్నకోడలు. ఆమె ముఖం పాలిపోయింది. క్షమించమంది, పాపకెలా ఉందని అడిగింది, ఆ తల్లి వెళ్లాక కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, "ఆకలేస్తోందక్కా, తిందామా?" అంది.

పెద్దకోడలు భగ్గుమంది. "నీకు ముద్దెలా దిగుతుందే?"

"తప్పు చేశానక్కా. ఇకమీద ఇంకాస్త చూసుకుంటా. కడుపు మాడ్చుకుంటే పాప గీత మానుతుందా?"

"నేనైతేనా..."

"నువ్వైతే నిన్ను నువ్వు ఏమని తిట్టుకుంటావు? ఆ మాట నన్నను చూద్దాం."

'పాపిష్టిదానా, నీ చేతులు విరిగిపోను.' రోజూ తనను తాను అనుకునే మాటే. నోరు తెరిచింది. ఎదురుగా ఏడ్చి వాచిన కళ్లు. అన్నం గిన్నె అటు జరిపింది.

"ముందు తిను" అంది.

సాయంత్రం ఒకాయన చొక్కా కోసం వచ్చాడు. పెద్దకోడలు ఒక్కసారే తడిమి ఇచ్చేసింది. ఆయన వీధి మలుపు తిరగకముందే సూది మిగిలిందేమోనన్న భయం మళ్లీ పట్టుకుంది. వెంట పరుగెత్తి నడిరోడ్డు మీద పొట్లం విప్పించింది. ఏమీ లేదు. సిగ్గుతో తిరిగొస్తుంటే పాత తిట్లు నాలుక చివరికొచ్చాయి. "పోన్లేవే, బాగా భయపడిపోయావు" అనుకుంది వాటి బదులు. ఎవరో పరాయివాళ్ల మాటలా ఎబ్బెట్టుగా ఉంది. అయినా ఇంకోసారి అనుకుంది.

లోపల చిన్నకోడలు అప్పుడే కొత్త గుడ్డ మెషీను మీద పెట్టేసింది. చూడగానే మళ్లీ చివ్వున మంట లేచింది.

"నిన్ను చూస్తే కుళ్లొస్తోందే నాకు" అంది పెద్దకోడలు, మొదటిసారి పైకి.

"తెలుసులే అక్కా" అంది చిన్నకోడలు, పక్కకు జరుగుతూ. "కుర్చీ ఇలా లాక్కో."