పదకొండో పంక్తి

పరిశోధనా గ్రంథం చివరి పుటలో ప్రతివాడూ తన బతుకు గురించి నాలుగు ముక్కలు రాసుకోవాలి. పుట్టిన ఊరు, తండ్రి వృత్తి, చదివిన బడులు, చదువు చెప్పిన గురువులు. ఆ పుట లేనిదే డాక్టరు పట్టా రాదు. హిన్రిక్ మైండర్స్ పదకొండు పంక్తులు రాశాడు. డీన్ పదకొండో దాని మీద వేలు పెట్టాడు.

"ఇది తీసెయ్యి బాబూ."

'నాకు గణితం నేర్పినవారు ప్రొఫెసర్ లియో ఆర్న్‌హైమ్.' అంతే ఆ పంక్తి. యూదుడని కిందటేడు, 1933లో, ఆర్న్‌హైమ్‌ను కొలువులోంచి తీసేశారు.

"అది అబద్ధమా అండీ?"

"అబద్ధమని ఎవరన్నారు? అనవసరం అంటున్నా. పైనెల హైస్కూల్లో ఉద్యోగంలో చేరాలి కదా, పట్టా లేకపోతే రానిస్తారా?" డీన్ కలం ముందుకు జరిపాడు. "ఒక్క గీత. నిమిషం పని."

చక్కెర దుంపలు పీకే రోజుల్లో హిన్రిక్ క్లాసుకు రాలేకపోతే ఆర్న్‌హైమే రైలెక్కి వాళ్ళ పొలానికి వచ్చాడు. బండి చెక్క మీద సుద్దతో లెక్క చెప్పి వెళ్ళాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

హిన్రిక్ కలం ముట్టుకోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

కింద స్నేహితులు అట్టతో చేసిన డాక్టరు టోపీ పట్టుకుని కాచుకున్నారు. వెక్కిరింతకు దాని నెత్తిన హిన్రిక్ వాళ్ళ పొలం దుంపనే మేకుతో కొట్టారు.

"రండి రండి, దుంపల డాక్టరుగారూ! తల వంచండి!" అన్నాడు విల్కె.

"పట్టా ఇవ్వలేదు. ఆర్న్‌హైమ్ పేరు కొట్టెయ్యమన్నాడు."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. హిన్రిక్ అది గమనించాడు.

"ఓస్, అదా!" విల్కె నవ్వాడు. "గీత గీసెయ్యరా మొద్దూ. మేమంతా గీశాం కదా."

"అంతానా?"

విల్కె నవ్వు ఆగింది. లూడ్గర్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"శనివారం శనివారం ఆయనింట్లో ఆపిల్ కేకు మెక్కారు కదరా. దాన్నెక్కడ కొట్టేశారు?" అన్నాడు హిన్రిక్.

"ఆర్న్‌హైమ్‌గారే కొట్టెయ్యమన్నారురా," గొణిగాడు లూడ్గర్.

"నాతోనూ అన్నారు! ఆయన అనొచ్చు. మనం చెయ్యకూడదు!" హిన్రిక్ గొంతు మెట్లమీదంతా ఖంగుమంది. పైన ఏదో తలుపు మూసుకుంది.

అతను టోపీ లాక్కుని దుంపను ఊడబెరికాడు.

"టోపీ మీరే ఉంచుకోండి. ఇది మా నాన్న పండించింది."

దుంప చంకన పెట్టుకుని స్టేషన్ దారి పట్టాడు. విల్కె చేతిలో టోపీకి మేకు మిగిలింది.