పుత్ర పౌత్ర పారంపర్యంగా

ఇల్లు కొనదలచి నా దగ్గరికి వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. స్టాంపు కాగితం ఎంతది కొనాలి, రిజిస్ట్రీ ఏ వారం పెట్టుకుంటే మంచిది, ప్లీడరు ఫీజు కొంచెం తగ్గదా. అడగవలసినవి మాత్రం ఒక్కరూ అడగరు. అమ్మేవాడికి అమ్మే హక్కుందా, వాడి కొడుకులు ఒప్పుకున్నారా, ఇల్లు ఎక్కడైనా తాకట్టులో ఉందా, పెరట్లో నుయ్యి ఇంటితోపాటు వస్తుందా, ఆ నూతికి పక్కవాళ్ళు నడిచే దారి ఎవరిది. ఇవన్నీ నేనే అడగాలి. అడిగితే, ప్లీడరు బేరం చెడగొడుతున్నాడని మొహాలు ముడుచుకుంటారు. నర్సీపట్నంలో ఇన్నేళ్ళు ప్రాక్టీసు చేసినా నాకు ఓపిక పెరగలేదు, నోరు మాత్రం పెరిగింది.

వర్ధనమ్మగారు అలా కాదు. ఆవిడ ఆడపిల్లల బడిలో పంతులమ్మ. కాపురానికి వెళ్ళకముందే భర్త పోయాడు. అత్తవారు ఇక రానక్కర్లేదన్నారు. ఎవరో పుణ్యాత్ములు చెబితే రాజమండ్రి వెళ్ళి ట్రైనింగు చదువుకుని వచ్చి, అన్నగారు యాజులుగారింట్లో ఉంటోంది. పొద్దున్న అందరికీ వంట చేసి బడికి వెళ్తుంది, సాయంత్రం వచ్చి మళ్ళీ వంట చేస్తుంది. ఆ ఇంట్లో ఆవిడ పడక ఇదీ అని చెప్పడానికి లేదు. చుట్టాలొస్తే వసారాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గాదె పక్కకి మారుతూంటుంది. అలాంటి మనిషి ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చుని అడిగింది.

"నన్ను లేచి పొమ్మనే హక్కు ఎవరికీ లేకుండా ఇల్లు కొనుక్కోవాలంటే ఏం చెయ్యాలండీ?"

నా ప్రాక్టీసులో సరైన ప్రశ్న వినడం అదే మొదలు. ఆ రోజు ఫీజు మాట ఎత్తడం కూడా మరిచిపోయాను.

ఆవిడ చూసుకున్నది బలిఘట్టం దారిలో రెండు గదుల పెంకుటిల్లు. సోములనే రైతుది. పైన ఏజెన్సీ కొండల్లో దొరల మీద పితూరీ నడిచినన్నాళ్ళూ పోలీసువాళ్ళకి అద్దెకిచ్చి బాగా సంపాదించాడు. పితూరీ అణిగింది, పోలీసులు వెళ్ళిపోయారు, ఇల్లు ఖాళీగా పడుంది. అమ్ముతానన్నాడు. నీ కొడుకులిద్దరూ కూడా దస్తావేజు మీద వేలిముద్ర వెయ్యాలన్నాను.

"నాను కట్టిన ఇల్లండి బాబూ. ఆళ్ళ ఏలిముద్రలతోటి పనేటండి?"

"రేపు నీ పెద్దాడు వచ్చి, ఇందులో నా వాటా ఏదీ అంటే ఈవిడ ఎవరితో చెప్పుకుంటుంది?"

"ఆడలగ అనడండి."

"అననని కాగితం మీదే అనమను."

సోములు సణుక్కుంటూ వెళ్ళి కొడుకుల్ని ఒప్పించాడు. అసలు చిక్కు యాజులుగారి దగ్గర వచ్చింది. ఆయన చెడ్డవాడు కాడు. తను చేసిన ఉపకారాన్ని ఎదుటివాళ్ళకి గుర్తుచెయ్యకుండా ఉండలేడు, అంతే.

"మా ఇంట్లో దానికేం తక్కువైందండీ? సరే, ముచ్చటపడింది, కొనుక్కోనివ్వండి. కాని దస్తావేజు నా పేర రాయించండి. పిల్లాపీచూ లేని మనిషి. రేపు దాని తదనంతరం అత్తవారివైపు వాళ్ళు వచ్చి ఎగరేసుకుపోతారు."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. పిల్లలు లేని ఆడది ఏ ఏర్పాటూ చెయ్యకుండా పోతే, ఆవిడ సొంత ఆస్తి కూడా భర్తవైపు వాళ్ళకే చేరుతుంది. పొమ్మన్నవాళ్ళే రమ్మనకుండా వచ్చి తీసుకుపోతారు. మన చట్టం అలా ఉంది, దాన్ని రాసింది నేను కాదు.

"సొంత జీతంతో కొంటున్నది, ఆవిడ స్త్రీధనం. ఇష్టమైనవాళ్ళకి విల్లు రాసుకుంటే ఏ అత్తవారూ ముట్టుకోలేరు," అన్నాను.

అన్నగారి వెనక నిలబడ్డ వర్ధనమ్మగారు నేల చూపులు చూస్తూనే, "నా పేరే రాయండి," అంది.

చిత్తు రాసి, అందరినీ పిలిచి మా అరుగు మీద చదివాను. ఎల్లలు చదివాను, నుయ్యి చదివాను. చివరికి అన్ని దస్తావేజుల్లోనూ వచ్చే మాటల దగ్గరికి వచ్చాను. "మీరు మీ పుత్ర పౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయములకు యోగ్యముగా, సర్వ స్వాతంత్ర్యములతో అనుభవించగలవారు." ఆ వాక్యం నేను ఊపిరి తీసుకోకుండా చదివేస్తాను.

వర్ధనమ్మగారు చెయ్యెత్తింది, బడిలో పిల్ల ఎత్తినట్టు.

"నాకు కొడుకులు లేరు గదండీ."

"అది ఆనవాయితీ మాట, అమ్మా."

"కావచ్చు. ఈ కాగితం నా పెట్టెలో ఉంటుంది. తీసి చదువుకున్నప్పుడల్లా ఆ మాట నన్ను వెక్కిరిస్తుంది. తీసెయ్యండి."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. నాకే జాలి వేసింది. జాలిపడడం నాకు అలవాటు లేని పని. ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చూసుకున్నాను. ఇంతలో యాజులుగారు అందుకున్నారు.

"మంచి మాట చెప్పింది. అది కొట్టేసి, 'మీరు బతికినన్నాళ్ళూ ఎవరివలనా అడ్డు లేకుండా అనుభవించగలవారు' అని రాయండి. నీకు కావలసింది అదేగా, వర్ధనం?"

వర్ధనమ్మగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అదేనండీ. బతికినన్నాళ్ళూ ఎవరూ కదపకపోతే నాకు చాలు. అలా రాయండి," అంది. అన్నగారు తన మనసు తెలుసుకున్నాడని ఆవిడ సంతోషం. చెల్లెల్ని సంతోషపెట్టానని ఆయన సంతోషం. ఇద్దరూ కలిసి ఇంటిని గంగలో కలిపేస్తున్నారు.

"అలా రాస్తే మీరు పోయిన రోజున ఇల్లు ఎవరిదవుతుందో తెలుసా?" అని సోములు వైపు చెయ్యి చూపించాను. "మళ్ళీ ఇతనిది."

సోములు కంగారుగా లేచి నిలబడ్డాడు. "నాకొద్దండి బాబూ. అమ్మీసిన ఇల్లు మరల నాకేటి?"

"నువ్వు వద్దన్నా నీ మనవడు అనడు. కూర్చో." వర్ధనమ్మగారి వైపు తిరిగాను. "అమ్మా, బతికినన్నాళ్ళూ అని రాస్తే, బతికినన్నాళ్ళూ ఉండనిచ్చినట్టే. ఇచ్చినట్టు కాదు. మీ అన్నగారింట్లో ఇప్పుడు ఉంటున్నదీ అలాగే గదా. మగవాడి పేర రాసినప్పుడు ఈ పుత్రపౌత్రుల మాట లేకపోయినా ఎవడూ అడగడు. ఆడమనిషి పేర రాసి ఆ మాట లేకపోతే, తిండికీ నీడకీ ఇచ్చిందే గాని ఆస్తి కాదని వాదించడానికి సందు దొరుకుతుంది. అవతలి పక్షంలో ఉంటే నేనే వాదిస్తాను. కొడుకులున్నారని కాదు ఆ మాటకి అర్థం. ఈ హక్కు మీతో ఆగిపోదని."

తనని మోసగాడనుకుంటున్నామేమో అన్నట్టు యాజులుగారి మొహం ఎర్రబడింది. నిజానికి ఆయనకి ఆ మెలిక తెలియదు, ఆ మాట నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"అంటే, లేని కొడుకుల్ని చెప్పుకుంటేగాని ఇల్లు నాది కాదన్నమాట," అంది వర్ధనమ్మగారు.

ఇంగ్లీషు పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి, అది కాదని చెప్పేది వాటిల్లో ఒక్కటీ లేదు.

"ఉండనివ్వండి," అంది. "ఆ దానం, విక్రయం అన్న మాటలు ఇంకోసారి చదవండి. నెమ్మదిగా."

ఈసారి ఒక్కొక్క మాటా ఆగి చదివాను. దానమంటే తనకి తోచినవాళ్ళకి ఇచ్చుకోవచ్చని, ఇంకెవరి అనుమతీ అక్కర్లేదని చెప్పాను. ఆవిడ పెదవులు కదుపుతూ విన్నది.

గురువారం రిజిస్ట్రారు ఆఫీసులో సోములూ కొడుకులూ వేలిముద్రలు వేశారు. పని ముగించుకుని బయటికి వచ్చాక యాజులుగారు చెల్లెలి పక్కన నడుస్తూ, కండువా సర్దుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"నీ తరవాత ఇల్లు ఎవరికి రాద్దామని, వర్ధనం? మా పెద్దాడు నీ చేతుల్లోనే పెరిగాడు గదా."

వర్ధనమ్మగారు ఆగింది. నవ్వలేదు, కోప్పడలేదు. అడిగినందుకు ఆశ్చర్యపోయినట్టు అన్నగారి మొహంలోకి చూసింది.

"ఆలోచించుకుని చెప్తాను అన్నయ్యా. ఇన్నాళ్ళూ నన్నెవరూ ఏదీ అడగలేదు గదా, కాస్త వ్యవధి పడుతుంది."