తలుపు వేసుకున్న గంట

"ఆ టేపు టీవీల పెట్టి, ముందర ఫోన్ పట్టి తీసి పంపెయ్ సైమా. ఆ పిల్లకేం తెలుస్తది?" అన్నాడు సోహైల్, ప్లేటు ముందుకు జరుపుతూ. ఆ జరపడానికి ఇంకో రొట్టె వెయ్యమని అర్థం. భార్య వేసింది.

ఆ పిల్లకేం తెలుస్తుందో సైమాకి బాగా తెలుసు. తల్లి పోయేనాటికి పక్కవీధి పిల్ల ఇరమ్‌కి మాటలు కూడా సరిగ్గా రాలేదు. ఫోటోలు మాత్రం మిగిలాయి. "ఫోటోల అమ్మీ కదలదు కదా ఆంటీ. ఎట్ల నడిచేదో, గొంతెట్లుండేదో నాకు తెల్వదు" అంటూ మొన్న పాల కవర్లో చుట్టిన టేపొకటి తెచ్చి చేతిలో పెట్టింది. ఇరమ్ చిన్నమ్మ పెళ్లి టేపది. తల్లి కదులుతూ కనిపించేది అందులో ఒక్కదాంట్లోనే. గోదారి నీళ్లు ఇంట్లోకొచ్చిన ఏడాది ట్రంకుపెట్టెతో పాటే తడిసి ఆరింది. అంచుల్లో తెల్లటి బూజు. తిప్పిన ప్రతిసారీ పైపూత కొంత రాలిపోయే రకం.

ఆ పెళ్లి వీడియో తీసింది సైమానే. అప్పుడామె కొత్తగా పెళ్లయి భద్రాచలం వచ్చింది. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపుకి మగవాళ్లు కెమెరా పట్టుకుని రాకూడదు కాబట్టి, వీడియో షాపు నడిపే సోహైల్ తన పెళ్లానికి చిన్న వీడియో కెమెరా, అదే కేమ్‌కార్డర్ పట్టడం నేర్పాడు. పరదా లోపల కష్టం సైమాది, టేపు డబ్బా మీద పేరు సోహైల్‌ది. ఆ టేపుల్ని మగవాళ్లు చూడకూడదు గనక కంప్యూటర్లోకి ఎక్కించడమూ ఆమె మెడకే పడింది. బట్టలుతకడం, గిన్నెలు తోమడం, టేపులెక్కించడం. ఎవరైనా పని తెస్తే, "మా ఇంటామె ఖాళీగనే ఉంటది, చేసిపెడ్తది" అనేవాడు సోహైల్. ఖాళీ అన్న మాట చెవిన పడితే చాలు, సైమాకి ఒళ్లు మండేది.

ఖాళీగా ఉన్నవాళ్లు చేసే పనా అది? గంట టేపు గంటసేపూ ఆడాల్సిందే. ఉరికించడానికి వీల్లేదు. టీవీకి పెట్టే ఎర్ర, తెల్ల, పసుపు వైర్లతో లాగితే బొమ్మ నీళ్లు కలిపిన పాలలాగా పలచబడుతుంది. సన్నటి డిజిటల్ వైరుతో తీస్తేనే టేపులో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది. ఆ వైరు పట్టేది పడగ్గదిలో మూలనున్న పాత కంప్యూటరొక్కదానికే. కేమ్‌కార్డర్ వైపు రంధ్రం వదులైపోయింది. వైరుని వేలితో నొక్కిపట్టి కూర్చోవాలి. వేలు తీస్తే బొమ్మ తెగుతుంది. తెగితే వెనక్కి తిప్పి మళ్లీ మొదలు. కొత్త మిషన్ కొనిపెట్టమని సైమా ఎవర్నీ అడగలేదు. ఎవరూ పిలవని గంట ఒక్కటి దొరికితే చాలనుకుంది. దొరికితేగా.

మొదటిసారి, టేపులో పెళ్లికూతురికి గాజులు తొడుగుతుండగా అత్తగారు ఇమాంబీ కేకేసింది. "సైమా, నా గోలీలేడ బెట్టినవే?" మందుగోలీలు ఆమె తల పక్కనే, రోజూ ఉండే గూట్లోనే ఉన్నాయి. "ఆడ్నే ఉన్నయి అమ్మీ" అంటే వినపడలేదు. కేకలు దగ్గుగా మారాయి. సైమా వేలు తీసి లేచింది. రెండోసారి సోహైల్ ఫోను. మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఎవరికేమైందోనని ఎడమచేత్తో అందుకోబోతే వైరు జారింది. "నా కళ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన్నా చూడు" అన్నాడాయన. పోనీ రాత్రి చేద్దామంటే, లైటు కళ్లలో పడుతుందంటాడు.

ఆ సాయంత్రం టేపు బయటికి తీసి చూస్తే కేమ్‌కార్డర్ లోపల గోధుమరంగు పొడి రాలి ఉంది. బొమ్మలో ఆడవాళ్ల మొహాల మీద అప్పటికే గళ్లుగళ్లుగా మచ్చలు. ఇంకొక్కసారి ఆడుతుందేమో. ఆ తర్వాత ఇరమ్‌కి తల్లి లేదు. సైమాకి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఈ ఇంట్లో కాలు పెట్టింది మొదలు ఎవరూ పిలవకుండా ఒక్క గంట ఎప్పుడు కూర్చుంది? ఎంత వెతికినా దొరకలేదు. కడుపు ఆపరేషనై దవాఖానాలో పడుకున్నప్పుడు కూడా, "జీలకర్ర డబ్బా ఏది?" అని ఫోనొచ్చింది. తను జవాబు చెప్పింది. ఏ అరలో, ఏ మూత రంగో కూడా చెప్పింది. అది తలుచుకుంటే సోహైల్ మీద కన్నా తన మీదే ఎక్కువ కోపమొచ్చింది.

మర్నాడు పన్నెండు కాకముందే వంట ముగించి, గోలీలూ నీళ్లూ అత్తగారి చేతికే ఇచ్చింది. "అమ్మీ, ఒక్క గంట నన్ను పిలవకుండ్రి. తలుపేసుకుంటున్న."

"పగటిపూట కోడలు తలుపేసుకునుడేందే? చూసెటోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనియ్యండ్రి."

గడియ పెట్టింది. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడింది. పగలు ఆ గడియ పడగా ఎప్పుడూ వినలేదు.

టేపు కదిలింది. ఇరమ్ తల్లి వచ్చింది, చేతిలో షర్బత్ గ్లాసుల పళ్లెం. సైమా వైరుని వేలితో ఇంకా గట్టిగా నొక్కింది. ఎవరో పిలిచారు. ఆమె తల తిప్పి బొమ్మలోంచి వెళ్లిపోయింది. కాసేపటికి చాపతో వచ్చింది, మళ్లీ ఎవరో పిలిచారు. చంకలో పిల్లతో వచ్చింది. ఆ పిల్ల ఇరమే. మళ్లీ పిలుపు. అంతలో కెమెరా వెనక నుంచి, అక్కని పిలిచినట్టు, సైమా లేతగొంతు: "ఆపా, ఒక్క నిమిషం నిలబడుండ్రి. మొహం పడాలె."

ఆమె కెమెరాలోకి చూసి నవ్వింది. "నాకు నిలబడే టైమేడుందే పిల్లా. మళ్లొచ్చినప్పుడు తియ్యి."

తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. "సైమా, పాలాయన పైసలకొచ్చిండు." వేలు మొద్దుబారింది, తర్వాత నొప్పి మొదలైంది. "సైమా, ఏమన్న అయిందానే?" "మంచిగనే ఉన్న అమ్మీ" అని అరిచింది, అంతే. ఆ తర్వాత సోహైల్ గొంతు. అన్నానికొచ్చాడు. "తలుపు తియ్. పెరుగేది? ఏం తమాషానా ఇది?" తలుపు ఊగింది. వేలు ఊగలేదు. టేపులో ఇరమ్ తల్లి వస్తూనే ఉంది, పోతూనే ఉంది. పెళ్లయిపోయింది, పందిరి ఖాళీ అయింది, నిలబడ్డ బొమ్మ ఒక్కటీ పడలేదు. ఆమెకి ఆ ఒక్క నిమిషం ఎవరూ ఇవ్వలేదు. సైమాకి అప్పుడొచ్చింది ఏడుపు.

టేపు ఆగింది. దిగినదాన్ని మొదలూ, నడుమా, చివరా పెట్టి చూసుకుంది. ఎక్కడా తెగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని గడియ తీసింది. తల్లీకొడుకులిద్దరూ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఇంతసేపు ఏం చేసినవ్?" అన్నాడు సోహైల్.

"పని."

"అయిపోయిందా మరి?"

"అవ్, అయిపోయింది. రేపు గూడ గిదే టైంకి తలుపేసుకుంట."

"ఇంకో టేపు తెచ్చిందా ఆ పిల్ల?"

"లేదు" అంది సైమా. "ఊకనే కూసుంట."