నాలుగో ముక్క

కోడి రొమ్ముముక్కను అరచేత్తో అదిమిపట్టి, పక్కనుంచి కత్తి దించి, అవతలి అంచు తెగకుండా సంచిలా చీల్చాలి. మొదటి ముక్క తెగనే తెగింది. చూల్వే దాన్ని పళ్ళపుల్లలతో గుచ్చి పక్కన పెట్టింది. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పొద్దుటినుంచి నిలబడి మడమలు లాగేస్తున్నాయి. ఇంటికొచ్చి చెప్పులు విప్పింది మళ్ళీ నిలబడటానికే.

ఈ వంట ఆమె కోరుకున్నది కాదు. పోయిన ఆదివారం ఆమె భర్త హమూంగా తన స్నేహితుడు సియామె ఇంట్లో తిని వచ్చాడు. అప్పట్నుంచీ అదే జపం. సియామె భార్య చికెన్‌లో చీజూ, పాలకూరా, క్యారెట్టూ కూరిందట, కత్తి పెట్టగానే చీజ్ తీగలు సాగిందట. "అరగంట పని. ఆవిడా ఉద్యోగం చేసేదేగా" అన్నాడు. ఆ ఇంట్లో వంటమనిషి ఉన్న సంగతి మాత్రం ఆయన నోట రాలేదు. అరగంట అన్న మనిషి ఏనాడైనా ఒక్క ఉల్లిపాయ వొలిచిన పాపాన పోయాడా? క్యారెట్టు తురుముతుంటే ఆమె వేలు గీసుకుంది. నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్ళీ తురిమింది.

గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న అత్తగారిది ఇంకో బాధ. ప్యాకెట్టులో వచ్చిన మెత్తని ముక్కలు చూసి, "కందనకాయ లేని కోడేం కోడే? నా కొడుకు కంచంలో ఏం వేస్తావు?" అంది. ఆ ఇంట్లో కందనకాయ మగవాడిది. తొడలు అత్తగారికీ, కూతురు లుయాండోకీ. మెడా, కాళ్ళూ, వీపు ఎముకా చూల్వేవి. అలాగని ఎవరూ శాసనం చేయలేదు. పెళ్ళైన కొత్తలో అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలినవి తను వేసుకుంది. ఆ తర్వాత అవే ఆమెవైపోయాయి. ఈసారి కొట్లో నాలుగు ముక్కలు ఎంచుతున్నప్పుడు మాత్రం ఆమెకు లోపల ఎక్కడో హుషారుగా అనిపించింది. నాలుగూ ఒకేలాంటివి. మెడ లేదు, వీపు లేదు. మనిషికొకటి.

ఓవెన్లో పెట్టి పావుగంట కాలేదు, కరెంటు పోయింది. లుసాకా నగరంలో కరెంటు కోత కొత్తేమీ కాదు గానీ, దానికి ఎప్పుడూ ఆమె ఓవెనే గుర్తొస్తుంది. పెరట్లో బొగ్గుల కుంపటి రాజేసి, మూకుడులోకి ముక్కలు మార్చి, మూత మీద కూడా నిప్పులు పరిచింది. పొగకు కళ్ళు మండుతుండగా ఫోను మోగింది. సియామెను కూడా తీసుకొస్తున్నానన్నాడు హమూంగా. ముక్కలు నాలుగే అని చెప్పిందామె. "ఏదో ఒకటి సర్దెయ్, లుయాండో అమ్మా" అని, ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలిచి పెట్టేశాడు.

ఎవరి ముక్క సర్దాలో చెప్పలేదు. చెప్పనక్కర్లేదనుకున్నాడు.

ఆ కోపం ఆమె న్షిమా కలుపుతున్నంతసేపూ గరిటెలోకి దిగింది. ఆ మొక్కజొన్నపిండి ముద్ద ఉండ కట్టకుండా వచ్చింది. సర్దింది, ఎన్నని సర్దింది? సెలవు రోజులు సర్దింది, నిద్ర సర్దింది, ఆడబిడ్డ వచ్చినప్పుడు మంచం సర్దింది. సర్దీ సర్దీ తను ఏ మూల ఉందో ఇంట్లో ఎవరికీ కనిపించడం లేదు.

దీపం వెలుతురులో అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. చూల్వే అత్తగారికీ, సియామెకూ, లుయాండోకూ వడ్డించింది. పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. హమూంగా దానికేసి చెయ్యి చాస్తూ, చీజ్ కొంచెం బయటికి కారిందని, సియామె వాళ్ళింట్లో ఇలా కారలేదని అన్నాడు. సియామె ఇబ్బందిగా నవ్వి, "మీరూ కూర్చోండి చెల్లెమ్మా" అన్నాడు.

"అమ్మకు కోడి ఇష్టం ఉండదు అంకుల్" అంది లుయాండో, నోటినిండా నములుతూ. నీళ్ళు పెద్దచెంబులో ఉన్నాయని చెప్పినంత మామూలుగా అంది.

చూల్వే చేతిలో గరిటె ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. అబద్ధం ఆడలేదు. చూసింది చెప్పింది.

అత్తగారు తన ముక్కను వేళ్ళతో విడదీస్తూ, తలెత్తకుండానే అంది. "నేనూ అదే చెప్పేదాన్ని. హమూంగా వాళ్ళ నాన్న పోయేదాకా నాకూ ఇష్టం ఉండేది కాదు."

హమూంగా చెయ్యి పళ్ళెం అంచున నిలిచిపోయింది. చూల్వే వంటింట్లోంచి కంచమూ, కుర్చీ తెచ్చుకుని కూతురి పక్కన వేసుకుంది. పళ్ళెం తన వైపు లాక్కుంది. కత్తితో ముక్కను నడిమికి కోసి, ఒక సగం తన కంచంలో వేసుకుని, రెండో సగాన్ని భర్త వైపు జరిపింది. అప్పుడు కూతురి వైపు తిరిగింది.

"నాకు కోడంటే చాలా ఇష్టం, లుయాండో. నీకు అబద్ధం నేర్పింది నేనే."